బ్యూటీషియన్ కోర్సుకు 95 వేలు అడుగుతున్నారు, ఆ సర్టిఫికెట్ చెల్లుతుందా?

ప్రశ్న: హాలియా అక్క

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర ఊరు. మా చెల్లె ఈ ఏడాది ఇంటర్ సీఈసీ పాసైంది. డిగ్రీ మీద దానికి మనసు లేదు. ఊర్లో ఎవరింట్లో పెళ్లైనా మెహందీ పెట్టేది, పూలజడ కుట్టేది అదే. బ్యూటీషియన్ కోర్సు చేసి హాలియాలోనే పార్లర్ పెట్టుకుంటానంటోంది. నాకూ ఇష్టమే.

నల్లగొండలో ఒక సెంటర్‌కు వెళ్లి కనుక్కున్నాం. 'ఇంటర్నేషనల్ డిప్లొమా ఇన్ కాస్మెటాలజీ', 6 నెలలు, ఫీజు 95 వేలు. ఈ ఆదివారం లోపు 20 వేలు కడితే 15 వేలు తగ్గిస్తారట. మిగతాది ఒక ఫైనాన్స్ కంపెనీ ద్వారా ఈఎంఐలు. గోడ మీద పెద్ద బోర్డు ఉంది: భారత ప్రభుత్వ గుర్తింపు, ఐఎస్ఓ సర్టిఫైడ్, నూరు శాతం ప్లేస్‌మెంట్, విదేశాల్లోనూ చెల్లుతుంది అని. ప్రభుత్వ గుర్తింపు అంటే ఏది మేడమ్ అని అడిగితే ఎమ్మెస్ఎంఈ సర్టిఫికెట్ చూపించారు. నాకు అర్థం కాలేదు. అంతమందిలో ఎక్కువ అడగలేకపోయాను.

నాన్నది వరి సాగు. యాసంగి వడ్ల పైసలు ఇప్పుడే అకౌంట్లో పడ్డాయి, అందులోంచే తీయాలి. "అసలు ఈ పనికి సర్కారు లైసెన్స్ కావాల్నా, వద్దా? అది చెప్పండి, కడతా" అంటున్నాడు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కూతురేమో లైసెన్స్ లేకుండా అక్కడ ఎవరి జుట్టూ ముట్టనివ్వరని చెప్పింది. ఐటీఐలో కూడా ఈ కోర్సు ఉందని విన్నాం, కానీ అక్కడ రాతపనే ఎక్కువని చెల్లె భయం. ఈ లైన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. ఆదివారం దగ్గర పడుతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

జవాబు: పాలమూరు పార్లర్

చెల్లె, ఆ ఆదివారం సంగతి ముందు మర్చిపో. కోర్సు మంచిదైతే సోమవారం చేరినా మంచిదే. తొందరపెట్టి అడ్వాన్స్ తీసుకునేవాళ్లు ఆ తొందర మనం నాలుగు చోట్ల అడగకుండా ఉండటానికే పెడతారు.

నాది మహబూబ్‌నగర్‌లో, మెట్టుగడ్డ వైపు పార్లర్. నా దగ్గర ముగ్గురు అమ్మాయిలు పనిచేస్తారు. మీ నాన్న అడిగింది సరైన ప్రశ్న, ముందు దానికే జవాబు చెప్తా. మన దగ్గర ఐబ్రోస్ చేయడానికి, ఫేషియల్ చేయడానికి, జుట్టు కత్తిరించడానికి మనిషికి ఇచ్చే లైసెన్స్ అంటూ ఏదీ లేదు. ఉన్నదల్లా షాపుకే. మున్సిపాలిటీ నుంచి ట్రేడ్ లైసెన్స్ తీసుకోవాలి. లేబర్ డిపార్ట్‌మెంట్‌లో షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించాలి, అది 1988 నాటి చట్టం. ఈ రెండింటిలో ఎక్కడా 'నువ్వు ఈ పని ఎక్కడ నేర్చుకున్నావు' అని అడగరు. కాబట్టి రేపు హాలియాలో షట్టర్ ఎత్తడానికి ఆ 95 వేల కాగితం అవసరం లేదు. పని అవసరం.

ఆ పని ఎలా ఉంటుందో కాస్త వివరంగా చెప్పనివ్వు, ఎందుకంటే సెంటర్‌ను ఎంచుకోవడం దీని మీదే ఉంది. నా దగ్గరికి ఉద్యోగం కోసం ఏ పిల్ల వచ్చినా సర్టిఫికెట్ చివర్లో చూస్తా, ముందు చేతికి దారం ఇస్తా. ఒక కొస పళ్ల మధ్య పట్టి, రెండు చేతుల వేళ్ల మధ్య మెలి తిప్పి, ఆ మెలికను వెంట్రుక మొదట్లో పడేయాలి. మెలిక నడిమిట్లో పడితే వెంట్రుక తెగుతుంది కానీ ఊడదు. నాలుగు రోజులకే గరుకుగా పొడుచుకొస్తుంది, ఆ కస్టమర్ మళ్లీ రాదు. కూర్చున్న మనిషిని రెప్పా నుదురూ గట్టిగా లాగి పట్టుకోమని చెప్పాలి. చర్మం వదులుగా ఉంటే దారంలో ఇరుక్కుని తెగి రక్తం వస్తుంది. ఇది పుస్తకంలో రెండు వరుసలు. చేతికి రావాలంటే మాత్రం ముందు మన మోకాళ్ల కింద వెంట్రుకల మీద, తర్వాత ఇంట్లో వాళ్ల మీద, ఆ తర్వాత రకరకాల కనుబొమ్మల మీద చేసీ చేసీ రావాల్సిందే.

తర్వాత ఒక చిన్న ప్రశ్న అడుగుతా. జుట్టుకు రంగు వేసేటప్పుడు కలిపే డెవలపర్ డబ్బా మీద '20 వాల్యూమ్' అని ఉంటుంది కదా, అంటే ఏంటి? 6 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అని. 10 అంటే 3 శాతం, 30 అంటే 9, 40 అంటే 12. తెల్ల వెంట్రుకలు కప్పడానికి 20 సరిపోతుంది. తెలియక 40 తీసి మాడుకు అంటిస్తే కాలుతుంది. జడ్చర్ల వైపు నుంచి ఒక పిల్ల బంగారు అంచు సర్టిఫికెట్‌తో వచ్చింది, 'అడ్వాన్స్‌డ్ డిప్లొమా' అని. ఈ లెక్క దానికి ఎవరూ చెప్పలేదు. 6 నెలలూ బొమ్మ తల మీద జడలు వేయించారట. మనిషి మీద చేసేటప్పుడు ఒక్క మోడల్ చుట్టూ బ్యాచ్ మొత్తం నిలబడి చూడటమే. ఆ సెంటర్ తర్వాత మూతపడింది, ఈఎంఐ మాత్రం ప్రతి నెలా కట్ అవుతూనే ఉంది. ఎందుకంటే ఫైనాన్స్ కంపెనీ ఆ ఫీజును సెంటర్‌కు ముందే ఇచ్చేసింది, అప్పు పిల్ల పేరు మీద ఉంది. కట్టకపోతే సిబిల్ పోతుంది, రేపు పార్లర్ లోన్ కోసం బ్యాంకుకు వెళ్తే అదే అడ్డం పడుతుంది. ఆ పిల్ల ఏం తప్పు చేసిందని? రోజుకు రెండు బస్సులు మారి వెళ్లి నేర్చుకుంది. నాకు ఇప్పటికీ కోపం తగ్గదు.

అందుకని ఆ నల్లగొండ సెంటర్‌కు మళ్లీ వెళ్లు, ఈసారి చెప్పకుండా, క్లాసు జరిగే టైంలో వెళ్లు. ఎంతమంది కూర్చున్నారో, ఎంతమంది చేతులు పనిలో ఉన్నాయో చూడు. ఒక్కో అమ్మాయి చేత నిజం మనుషుల మీద ఎన్ని ఐబ్రోస్, ఎన్ని వ్యాక్సింగ్‌లు, ఎన్ని హెయిర్ కట్స్ చేయిస్తారో రాసి ఇమ్మను. సామాను ఫీజులోనే వస్తుందా, మనమే కొనాలా అడుగు, చాలాచోట్ల సగంలో 'కిట్టు' అని ఇంకో 10, 15 వేలు అడుగుతారు. వ్యాక్స్ డబ్బాలో ఒకసారి చర్మానికి తాకించిన పుల్లనే మళ్లీ ముంచుతున్నారా చూడు. ముంచితే అక్కడ శుభ్రత నేర్పరని అర్థం, లేచి వచ్చేయ్. పోయినేడు పాసైన ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు అడుగు. గోడ మీద ఫొటోలున్న వాళ్లవి కాదు, హాజరు రిజిస్టర్‌లో ఉన్నవాళ్లవి.

ఇంకో సంగతి. 'కాస్మెటాలజీ' అని పేరు పెట్టి కొన్నిచోట్ల బొటాక్స్, ఫిల్లర్లు, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ కూడా రెండు రోజుల వర్క్‌షాప్‌లో నేర్పిస్తామంటున్నారు. వాటి జోలికి పోనివ్వకు. సూది డాక్టర్ పని. హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ గురించి నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో స్పష్టంగా చెప్పింది, వర్క్‌షాప్‌లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది శిక్షణ కిందికి రాదని. డాక్టర్లకే ఆ మాట చెప్పారంటే మనమెంత?

జవాబు: కోదాడ మేకప్

పాలమూరు అక్క చెప్పినవన్నీ నిజమే కానీ ప్రైవేటు సెంటర్లన్నిటినీ ఒకే గాటన కట్టొద్దని నా మాట. నేను హైదరాబాద్‌లో లక్షకు పైగా కట్టి బ్రైడల్ మేకప్, హెయిర్ నేర్చుకున్నా. మా బ్యాచ్‌లో ఎనిమిది మందిమే. మా మేడమ్ పెళ్లిళ్లకు వెంట తీసుకెళ్లేది, తెల్లవారుజామున 3 గంటలకు లేచి పెళ్లికూతురు పక్కన నిలబడి బ్రష్‌లు అందించేవాళ్లం. మండపం వేడిలో ఫౌండేషన్ ఎట్లా కరుగుతుందో, తలంబ్రాల టైంకు ఎక్కడ టచప్ చేయాలో అక్కడే తెలిసింది. నా సర్టిఫికెట్‌ను ఇంతవరకు ఒక్క కస్టమర్ కూడా అడగలేదు. ఇన్‌స్టాలో ఫొటోలు చూసి అడ్వాన్స్ వేస్తారు, అంతే. చీరకు ముందే కుచ్చిళ్లు పెట్టి మడతపెట్టి ఇచ్చే బాక్స్ ఫోల్డింగ్ ఒక్కటి మంచిగా వచ్చినా చాలు, కోదాడలో చీరకింత అని రోజూ ఆదాయమే.

కాబట్టి ఫీజు ఎక్కువని కాదు, ఎవరు నేర్పిస్తున్నారో చూసుకోండి. కాకపోతే ఈఎంఐ మీద మాత్రం వద్దు, అక్కతో ఏకీభవిస్తా. మూఢంలో, ఆషాఢంలో మేకప్ బుకింగ్‌లు ఉండవు. ఈఎంఐకి మూఢం ఉండదు.

జవాబు: ఐటీఐ మాస్టారు

అమ్మా, నేను సూర్యాపేట జిల్లాలో ఐటీఐ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. నా ట్రేడ్ వేరు, కానీ సర్టిఫికెట్ల వ్యవహారం అన్ని ట్రేడ్‌లకూ ఒకటే. బోర్డు మీద రాసినవి ఒక్కొక్కటిగా చూద్దాం.

ఎమ్మెస్ఎంఈ సర్టిఫికెట్ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, చిన్న వ్యాపారాలు చేసుకునేది. 2020 జులై నుంచి ఉన్న పద్ధతి. ఆధార్, పాన్ ఉంటే ఎవరైనా ఆన్‌లైన్లో ఉచితంగా చేసుకోవచ్చు. పిండిమర ఉన్నవాళ్లూ చేసుకుంటారు. అది 'ఈ వ్యాపారం ఉంది' అని చెబుతుందే తప్ప అక్కడ చెప్పే చదువు గురించి ఏమీ చెప్పదు. ఐఎస్ఓ 9001 కూడా అంతే, సంస్థ నిర్వహణ పద్ధతి గురించి ప్రైవేటు ఏజెన్సీలు ఇచ్చే కాగితం. సొసైటీగానో కంపెనీగానో రిజిస్టరైతే ఆ నంబర్ కూడా బోర్డు మీద వేస్తారు. వీటిలో ఏదీ కోర్సుకు గుర్తింపు కాదు.

వృత్తి విద్యలో కోర్సుకు గుర్తింపు అంటే దేశం మొత్తానికీ ఇప్పుడు ఎన్‌సీవీఈటీయే, అంటే నేషనల్ కౌన్సిల్ ఫర్ వొకేషనల్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్. 2018 డిసెంబర్‌లో దాన్ని నోటిఫై చేశారు, పాత ఎన్‌సీవీటీ చేసే పనులు దానికిందికి వచ్చాయి. ఇది నేరుగా సెంటర్లకు గుర్తింపు ఇవ్వదు. కొన్ని సంస్థలను అవార్డింగ్ బాడీలుగా గుర్తిస్తుంది. బ్యూటీ రంగానికి బ్యూటీ అండ్ వెల్‌నెస్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ అలాంటిది. ఆ అవార్డింగ్ బాడీ సెంటర్‌కు అఫిలియేషన్ ఇస్తుంది. నేర్పేది సెంటర్, పరీక్ష పెట్టేది వేరే అసెస్‌మెంట్ ఏజెన్సీ, సర్టిఫికెట్ ఇచ్చేది అవార్డింగ్ బాడీ. ముగ్గురూ వేరువేరు అన్నమాట. నేర్పినవాళ్లే పరీక్ష పెట్టి వాళ్లే సంతకం చేసి ఇస్తే అది ఆ సెంటర్ సొంత సర్టిఫికెట్, ఎంత పెద్ద సీల్ వేసినా సరే.

కాబట్టి మీరు అడగాల్సింది 'గుర్తింపు ఉందా' అని కాదు, ఉందనే అంటారు. 'ఈ కోర్సు క్వాలిఫికేషన్ కోడ్ ఏంటి, ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ ఎంత, సర్టిఫికెట్ ఇచ్చే అవార్డింగ్ బాడీ ఎవరు' అని అడగండి. ఎన్ఎస్‌క్యూఎఫ్ అంటే నైపుణ్యాల స్థాయిలు చెప్పే జాతీయ చట్రం. ఆ కోడ్‌ను నేషనల్ క్వాలిఫికేషన్స్ రిజిస్టర్ సైట్‌లో కొడితే కోర్సు వివరాలు, ఎన్ని గంటల శిక్షణ ఉండాలో కనబడుతుంది. పాత విద్యార్థి సర్టిఫికెట్ ఒకటి చూపించమనండి. మీద క్యూఆర్ కోడ్ ఉంటే మీ ఫోన్‌తోనే స్కాన్ చేసి చూడండి, అది ఏ సైట్‌కు తీసుకెళ్తుందో.

ఇక ఐటీఐ. కాస్మెటాలజీ ట్రేడ్ ఏడాది కోర్సు, పది పాసైతే చాలు. దేశవ్యాప్తంగా ఒకే పరీక్ష, ఆలిండియా ట్రేడ్ టెస్ట్ అంటారు, పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ (ఎన్‌టీసీ) వస్తుంది. ఇది కేంద్ర ప్రభుత్వ డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ నుంచి వచ్చే కాగితం. సర్కారు ఐటీఐలో ఫీజు నామమాత్రం. రాతపనే ఎక్కువ అన్నది సరికాదు, ఐటీఐ సిలబస్‌లో ఏ ట్రేడ్‌కైనా ప్రాక్టికల్ గంటలే ఎక్కువ. ఇంకో లాభం, ఎన్‌టీసీ ఉన్నవాళ్లు తర్వాత సీఐటీఎస్ అనే ఇన్‌స్ట్రక్టర్ కోర్సు చేస్తే ఐటీఐలో పాఠం చెప్పే ఉద్యోగాలకు అర్హత వస్తుంది. ప్రైవేటు డిప్లొమాకు ఆ దారి లేదు. కాకపోతే ఈ ట్రేడ్ అన్ని ఐటీఐలలో ఉండదు. పది మార్కుల మెరిట్ మీద అడ్మిషన్లు ఆన్‌లైన్లో విడతలవారీగా జరుగుతాయి, ఆ సైట్‌లో మీకు దగ్గర్లో ఎక్కడుందో చూడండి. ప్రైవేటు ఐటీఐ అయితే అఫిలియేషన్ ఈ ట్రేడ్‌కే ఉందా అని విడిగా అడగండి, ఎలక్ట్రీషియన్‌కు ఉన్న అఫిలియేషన్ కాస్మెటాలజీకి పనికిరాదు.

పీఎంకేవీవై, అంటే ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన కింద నేర్పే సెంటర్ అయితే మీ దగ్గర ఫీజు తీసుకోకూడదు, అది పూర్తిగా ఉచితం. ఆ పేరు బోర్డు మీద పెట్టి పైసలు అడిగారంటే అనుమానించండి.

జవాబు: నకిరేకల్ వీఓఏ

నేను మహిళా సంఘాల్లో వీఓఏగా, అంటే గ్రామ సంఘం అసిస్టెంట్‌గా చేస్తున్నా. మా సంఘాల అమ్మాయిలను బ్యూటీ పార్లర్ శిక్షణకు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థకు పంపిస్తుంటాం, ఆర్‌సెటీ అంటారు. జిల్లాకొకటి ఉంటుంది, లీడ్ బ్యాంక్ నడుపుతుంది. శిక్షణ, తిండి, ఉండటం అన్నీ ఉచితం. నెల, నెల పైచిలుకు ఉంటుంది. మీ చెల్లెకు 18 నిండాయా చూసుకోండి. నెల రోజుల్లో అన్నీ రావు, ఐబ్రోస్, ఫేషియల్, వ్యాక్సింగ్, మెహందీ, మామూలు కట్టింగ్‌ల దాకా వస్తాయి. కానీ అక్కడ ఖాతా పుస్తకం రాయడం, రేటు కట్టుకోవడం, బ్యాంకు మేనేజర్‌తో మాట్లాడటం కూడా నేర్పిస్తారు. అది వేరే ఎక్కడా నేర్పరు. అయిపోయాక లోన్ విషయంలో కూడా వెంట ఉంటారు.

లోన్‌ల గురించి కూడా చెప్తున్నా. ముద్రలో శిశు అంటే 50 వేల దాకా, తాకట్టు లేదు. ఒక కుర్చీ, అద్దం, స్టీమర్, ట్రాలీతో మొదలుపెట్టడానికి అది చాలు. ఇంకా పెద్దగా పెట్టాలనుకుంటే పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ స్వయం ఉపాధి పథకం, అందులో మహిళలకు పల్లెలో 35 శాతం, పట్నంలో 25 శాతం సబ్సిడీ. 5 లక్షలు దాటిన సర్వీస్ యూనిట్‌కు 8వ తరగతి పాసై ఉండాలి, మీకు ఆ ఇబ్బంది లేదు.

విశ్వకర్మ యోజనలో వస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. ఆ 18 వృత్తుల్లో క్షౌరవృత్తి ఉంది, బ్యూటీ పార్లర్ లేదు. వృత్తి చేస్తున్నవాళ్ల కోసం పెట్టిన పథకం అది, కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం కాదు.

జవాబు: డాలస్ వదిన

మాది మిర్యాలగూడ, ఇప్పుడు టెక్సాస్. మీ అక్క చెప్పింది కరెక్టే. ఇక్కడ లైసెన్స్ మనిషికే ఉంటుంది, రాష్ట్రం ఇస్తుంది. టెక్సాస్‌లో దానికి టీడీఎల్ఆర్ అనే శాఖ ఉంది. లైసెన్స్ ఉన్న స్కూల్‌లో 1,000 గంటలు పూర్తి చేసి, పరీక్షలు పాసైతే కాస్మెటాలజీ లైసెన్స్. ఇంతకుముందు అది 1,500 గంటలు. కాలిఫోర్నియాలో 1,600 నుంచి 1,000కి తగ్గింది, 2022 నుంచి. చర్మం పని మాత్రమే చేసే ఎస్తటీషియన్‌కు టెక్సాస్‌లో 750.

మనవాళ్లకు తెలియాల్సిన సంగతి ఒకటుంది. దారంతో ఐబ్రోస్ చేసేవాళ్లను కూడా ఆ 750 గంటల కోర్సు చేయమన్నారు. ఆ కోర్సులో త్రెడింగ్ నేర్పాలన్న నిబంధనే లేదు! త్రెడింగ్ చేసేవాళ్లు కోర్టుకెక్కారు. పటేల్ కేసు అంటారు. 2015లో టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్ల వైపు తీర్పిచ్చింది. ఆ 750 గంటల్లో 320 దాకా త్రెడింగ్‌తో సంబంధం లేనివేనని, ఒక మనిషి బతుకుదెరువు మీద అంత భారం వేయడం కుదరదని. ఇక్కడి మాల్స్‌లో కుర్చీ వేసుకుని త్రెడింగ్ చేసే ఆడవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ తీర్పు గుర్తొస్తుంది.

నల్లగొండ డిప్లొమా విదేశాల్లో చెల్లుతుందా అంటే, ఇక్కడి లైసెన్స్‌కు బదులుగా చెల్లదు. వేరే చోటి లైసెన్స్‌ను చూపించి ఇక్కడిది తీసుకునే పద్ధతి ఉంది కానీ ఇండియాలో మనిషికి లైసెన్సే లేదు కదా, ఏం చూపిస్తారు? నేర్చుకున్న పని మాత్రం పనికొస్తుంది, స్కూల్‌లో మిగతావాళ్ల కంటే చేయి ముందుంటుంది. ఇక్కడ స్కూల్ ఎంచుకునేటప్పుడు కూడా రెండు చూస్తారు. రాష్ట్రం లైసెన్స్ ఉందా అన్నది ఒకటి, న్యాకాస్ లాంటి సంస్థ అక్రెడిటేషన్, అంటే చదువు నాణ్యతకు ఇచ్చే గుర్తింపు, ఉందా అన్నది ఇంకొకటి. రెండోది లేకపోతే కేంద్ర ప్రభుత్వ విద్యార్థి సాయం రాదు. డిపెండెంట్ వీసా మీద వచ్చినవాళ్లకు లైసెన్స్ ఉన్నా పని చేసే పర్మిట్ విడిగా ఉండాలి, అది కూడా గుర్తుంచుకోండి.

'ఇంటర్నేషనల్' అని ఎవరైనా అంటే ఏ సంస్థదో పేరు అడగండి. సిడెస్కో అని 1946 నుంచి ఉన్న సంస్థ ఉంది, ఆఫీసు స్విట్జర్లాండ్‌లో. దాని డిప్లొమాకు చాలా దేశాల్లో పేరుంది. ఏయే స్కూళ్లకు వాళ్ల గుర్తింపు ఉందో వాళ్లే చెప్తారు, అడిగి తెలుసుకోవచ్చు. పేరు చెప్పలేని ఇంటర్నేషనల్ గోడ మీదే ఉంటుంది.

హాలియా అక్క

అందరికీ దండాలు. నిన్న నేనూ చెల్లె చెప్పకుండా వెళ్లాం, క్లాసు టైంకే. ఇరవై మంది పైగా ఉన్నారు, కుర్చీలు మూడు. ఒకమ్మాయి ఫేషియల్ చేస్తోంది, మిగతావాళ్లు ఫోన్‌లో వీడియో తీసుకుంటున్నారు. మాస్టారు చెప్పినట్లు క్వాలిఫికేషన్ కోడ్ అడిగాను. రిసెప్షన్ అమ్మాయి లోపలికెళ్లి వచ్చి, కోర్సులో చేరాక చెప్తారంది. సర్టిఫికెట్ శాంపిల్ చూపించారు. కింద రెండు సంతకాలు, రెండూ ఆ సంస్థ వాళ్లవే. విదేశీ సంస్థ పేరేమీ లేదు, గ్లోబు బొమ్మ ఉంది. ఎన్ని ఐబ్రోస్ చేయిస్తారో రాసివ్వమంటే మేడమ్‌కు కోపమొచ్చింది.

నాన్నతో చెప్పాను, కట్టడం లేదు. ఐటీఐ అడ్మిషన్ కోసం అప్లై చేస్తున్నాం. సీటు దూరంలో పడితే ఏం చేయాలో తెలియడం లేదు. చెల్లెకు ఆగస్టులో 18 నిండుతాయి. ముందు ఆర్‌సెటీ చేసి, తర్వాత ఎవరి దగ్గరైనా పనికి కుదిరితే సరిపోతుందా? అలా చేస్తే సర్టిఫికెట్ ఎప్పటికీ రాదేమోనని దాని బెంగ.

ఐటీఐ మాస్టారు

రాదనుకోవద్దని చెప్పండి. పని చేస్తూ నేర్చుకున్నవాళ్లకు ఆర్‌పీఎల్ అనే పద్ధతి ఉంది, ముందే వచ్చిన పనికి పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. అదీ ఎన్ఎస్‌క్యూఎఫ్ లెవెల్ ఉన్న సర్టిఫికెట్టే. ఇంకో దారి అప్రెంటిస్‌షిప్. పెద్ద సెలూన్లు అప్రెంటిస్‌లను తీసుకుంటాయి, స్టైపెండ్ ఇస్తాయి. అందులో 25 శాతం, నెలకు 1,500 మించకుండా కేంద్రం భరిస్తుంది. కానీ ఐటీఐలో సీటు వస్తే వదులుకోవద్దు. ఎన్‌టీసీ ఒక్కసారి చేతికి వస్తే జీవితాంతం పనికొస్తుంది.

పాలమూరు పార్లర్

చెల్లె, మంచి పని చేశారు. రాసివ్వమన్నందుకు కోపం వచ్చిందంటే నీ ప్రశ్న సరైన చోట తగిలింది.

ఆర్‌పీఎల్ నేనూ చేసినా. పని నాకు మా మేనత్త నేర్పింది, కాగితం లేదు. అసెసర్ వచ్చి నా ముందు ఒక అమ్మాయిని కూర్చోబెట్టి ఫేషియల్ చేయమన్నది. నేను క్రీమ్ తీయబోతే ఆపి, ముందు చేతులు కడుక్కున్నావా, ట్రేలో సామాను ఏ వరుసలో పెట్టావు, బ్లీచ్ అయితే టెస్ట్ ఎక్కడ చేస్తావు అని అడిగింది. చెవి వెనకాల కానీ మోచేతి మడతలో కానీ అని చెప్పిన. హెయిర్ డై అయితే 48 గంటల ముందు అని కూడా చెప్పిన. పని బాగా వస్తే అదేమీ కష్టం కాదు, మీ చెల్లె భయపడొద్దు.

సీటు దగ్గర్లో వస్తే ఐటీఐ. దూరంలో పడి హాస్టల్ దొరక్కపోతే ముందు పని ఎక్కువుండే పార్లర్‌లో పెట్టండి, 18 నిండాక వీలు చూసుకుని ఆర్‌సెటీ చేయించండి. శ్రావణం ముందు పెడితే మంచిది. ఆషాఢంలో ఖాళీ ఉంటుంది, పార్లర్ ఆమెకు నేర్పడానికి టైం దొరుకుతుంది. శ్రావణం పడిందంటే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్లిళ్లు, ఆ తర్వాత బతుకమ్మ, దసరా దాకా చేతికి తీరిక ఉండదు, అప్పుడు చేసే పనితోనే చేయి తిరుగుతుంది. మొదటి రెండు మూడు నెలలు జీతం తక్కువ ఇచ్చినా ఒప్పుకో. కానీ కస్టమర్ మీద చేయనిస్తారా, తలలు కడిగించి ఊడ్పించడమేనా అన్నది చేరే ముందే తేల్చుకో. మిర్యాలగూడలో నాకు తెలిసిన పార్లర్ ఆమె ఉంది, నేర్పడంలో దాపరికం లేని మనిషి. హాలియా నుంచి బస్సులో వచ్చిపోవచ్చు. నాకు మెసేజ్ పెట్టు, ఆమెతో మాట్లాడి చెప్తా.